మునిగిన ఊళ్ల ఋణము

వేసవి ముదిరి శ్రీశైల జలాశయములో నీటిమట్టము బాగుగా దిగిపోయినప్పుడు, కృష్ణా భవనాశి నదులు కలిసికొనే చోట, సంవత్సరములో ఎక్కువ నెలలు నీటి అడుగుననే ఉండే సంగమేశ్వరస్వామి ఆలయము మొదట శిఖరముగాను, పిదప ప్రాకారపు రాళ్లుగాను, కడపట గర్భగుడిగాను కొంచెము కొంచెముగా బయటపడుతుంది. అర్చకుడు లోపలి ఒండ్రును ఎత్తి పోయించి, వేపదారు లింగమునకు అభిషేకము చేసి, ఎగువనుండి వరద వచ్చి నీరు తిరిగి గడప తాకువరకు పూజ సాగించి, కడపటి హారతిని పడవమీద నిలిచి శిఖరమునకే ఇచ్చి వెనుదిరుగుట మనము ఏటేటా వినుచున్న వార్తయే. ఆ కొద్ది దినములలో యాత్రికులు వత్తురు, పత్రికలలో ఛాయాచిత్రములు పడును, ఏడు నదులు కలిసిన పుణ్యస్థలమని పెద్దలు పిల్లలకు చూపుదురు. కాని ఆ గుడితోపాటే, అదే నీటినుండి, నదికి ఇరువైపులను మరెన్నో బయటపడుచుండును: ఇండ్ల పునాదులు, ఊరిబావి ఒరలు, రచ్చబండ రాళ్లు, వీథి అరుగులు. గుడి బయటపడినదని వ్రాయు మనము, ఊరు బయటపడినదని ఎన్నడును వ్రాయలేదు. ఆ ఊళ్ల పేళ్లు చెప్పగలవారు సైతము ఏటికేడు తగ్గిపోవుచున్నారు.

శ్రీశైలము ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసెను. జలవిద్యుత్తు కొరకు తలపెట్టిన కట్టడము అది. పనులు పదునెనిమిది ఏండ్లు సాగి, నీరు నిలుపు వేళ వచ్చునప్పటికి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నదీతీరములయందలి సుమారు నూరు గ్రామములు, లక్షకు పైబడిన జనము ముంపులో ఉండిరి. వారిని ఖాళీ చేయించుటకు 1981 వేసవిలో అధికారులు, పోలీసులు, కూల్చివేత బృందములు ఊళ్లలోనికి వచ్చిన తీరును ఆనాటివారు ఇప్పటికిని గొంతు తగ్గించి చెప్పుదురు. వానలు రాకముందే ఇల్లు వదలవలెనన్నారు. వదలనివారి యింటికప్పు వారి కన్నులయెదుటనే దిగినది. దూలములను, వాసములను, ద్వారబంధములను ఊడబెరికి ఎద్దులబండ్లమీద వేసికొని, గింజలు మూటగట్టి, గొడ్లను తోలుకొని తెలిసిన దిక్కునకు పోయినవారు పోగా, ఎక్కడికి పోవలెనో తోచక చెట్లక్రింద కాపురము పెట్టినవారు అనేకులు.

ఇదే కాలమున ఇదే లోయలో మరియొక పని జరిగినది. అది ఎంతో శ్రద్ధతో జరిగినది. మునుగనున్న ప్రాచీనాలయములను పురావస్తుశాఖవారు రాతికి రాయిగా విప్పించి, మిట్టప్రదేశములకు చేర్చి, పూర్వపు వరుస తప్పకుండ తిరిగి నిలిపిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము ఆలంపురమునకు చేరినది. రూపాల సంగమేశ్వరుడు కర్నూలు చెంత జగన్నాథగట్టు ఎక్కెను. అంతకు పూర్వము నాగార్జునసాగరము నిలుచుటకు ముందు సైతము, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయను త్రవ్వి, ఇక్ష్వాకుల నాటి స్తూపములను, విహారములను వెలికితీసి, ముఖ్యమైనవానిని కొండమీదికి ఎక్కించి ప్రదర్శనశాల నెలకొల్పిరి. ఈ కృషిని నేను మనసార మెచ్చుకొందును. ఆ నాడు ఆ విద్వాంసులు పూనుకొనకున్నచో మన చరిత్రలో ఒక శకమే నీటిపాలయ్యెడిది. అయినను ఆలంపురములో ఆ గుడి ముందు నిలిచినప్పుడెల్ల నా మనస్సు ఒకచోటనే చిక్కుకొనును. ఏ రాయి దేని ప్రక్కన ఉన్నదో వ్రాసిపెట్టుకొని, విడదీసినదానిని ఉన్నది ఉన్నట్లు కూర్చవలెనన్న బుద్ధి మనకున్నది, అందుకు నేర్పున్నది, ధనమున్నది. ఎవరి ఇల్లు ఎవరి ప్రక్కన ఉన్నదో, ఎవరి బ్రతుకు ఎవరిమీద ఆనుకొని ఉన్నదో అట్లే వ్రాసికొని, ఊరిని ఊరుగా వేరొకచోట నిలుపవలెనని ఆ బుద్ధికి ఎందుకు తోచలేదు?

నేను ప్రాజెక్టులకు విరోధిని కాను. ఆ మాట అనుటకు నాకు నోరు రాదు. మా నాన్నగారు పల్నాటి అంచున, సాగరు కుడికాలువ క్రింద నాలుగెకరముల మాగాణి చేసి మమ్ము చదివించిరి. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు నొచ్చుకొనెనని చాటువుల ప్రసిద్ధి. ఆ మహాకవి పోయిన అయిదువందల ఏండ్లకును ఆ సీమ తిండి మారలేదు. పండుగనాడు తప్ప వరియన్నము ఎరుగమని మా నాయనమ్మ చెప్పెడిది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, వేలాది కూలీలు సారవలమీద నడిచి నెత్తిన రాళ్లు మోసి లేపిన ఆ రాతిగోడ 1967లో కాలువలకు నీరు వదలినప్పుడు, అమెరికా గోధుమల ఓడ ఎప్పుడు రేవు చేరునాయని దేశము ఎదురుచూచుచుండిన దినములవి. ఆ నీటితో పండిన బియ్యము తిని పెరిగినవాడను నేను. అట్టి కట్టడములను నెహ్రూ నవయుగ దేవాలయములనినాడన్నది అందరికిని తెలిసినదే. ఆయనయే 1958లో ఇంజనీర్ల సభలో, ఎంత పెద్దది కట్టితిమి అంత గొప్ప అను తలంపు ఒక వ్యాధి వంటిదని హెచ్చరించినాడు; ఆ రెండవ మాటను మనము అంతగా తలచుకొనము.

అన్నము తిన్నవాడను గనుకనే అన్నమును గూర్చిన లెక్క అడుగుచున్నాను. మనుష్యుడు పుట్టుకతోనే దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడి ఉండునని మన పెద్దలనిరి. శతపథబ్రాహ్మణము తోడి మనుష్యులకు పడిన ఋణమును సైతము ఆ వరుసలో చేర్చినది. ఈ నాల్గవ ఋణమును ఎరుగుట పూర్వము సులభము. బావి త్రవ్వించినవాడు ఎవడో, చెరువుకట్టకు నేల ఇచ్చినవాడు ఎవడో ఆ నీరు త్రాగువానికి తెలిసియుండెడిది. వాడు ఎదురుపడిన నమస్కరించెడివాడు. నేటి అభివృద్ధి చేసిన పెద్ద మార్పు ఇచ్చటనే ఉన్నది. అనుభవించువానిని, పోగొట్టుకొన్నవానిని అది వందల మైళ్ల దూరమున విడివిడిగా నిలిపి, ఒకరి మొగము ఒకరు చూడకుండ చేసినది. శ్రీశైలమునుండి పోతిరెడ్డిపాటి మీదుగా తెలుగుగంగలో పారిన కృష్ణ 1996లో మొదటిసారి చెన్నపట్టణపు జలాశయమునకు చేరెను. హైదరాబాదు కుళాయిలలో సాగరు వెనుకజలములు వచ్చుచున్నవి. శ్రీశైలపు విద్యుత్తు ఏ ఊరి దీపములో వెలుగుచున్నదో చెప్పుట ఎవరి తరము? ఆ కుళాయి త్రిప్పినవాడు, ఆ దీపము వెలిగించినవాడు దుర్మార్గుడు కాడు. తన బిందె నిండుటకు ఎవరి ఊరిబావి మునిగినదో వానికి ఎవరును చెప్పలేదు.

పాలమూరు (మహబూబ్‌నగర్) వారి కథ ఇంతకన్న బరువైనది. తమ చేలు ఎండిపోవుచుండగా, ముందు బయానా పుచ్చుకొని గుంపుమేస్త్రీ వెంట దేశము నాలుగు చెరగులకును పోయి, పరుల ఆనకట్టలకు మట్టి త్రవ్వి, రాళ్లు మోసి, రేకుల గుడిసెలలో పిల్లలను పెంచిన జనము వారు. కృష్ణ వారి జిల్లా అంచుననే పారుచుండెను. వారి పొలమునకు ఎక్కలేదు. ఆ కృష్ణను నిలిపినప్పుడు మునిగిన ఊళ్లలో వారివియు ఉండెను.

పోగొట్టుకొన్నదానికి పరిహారము ఇచ్చితిమి గదా అని అడుగువారు కలరు. ఇచ్చినమాట నిజమే, దేనికిచ్చితిమో చూడవలెను. ఆంగ్లేయులు 1894లో చేసిన భూసేకరణ చట్టమే స్వాతంత్ర్యము వచ్చిన అరువదియారేండ్ల వరకు మనకు శాసనమై నిలిచినది. ఆ చట్టము కంటికి ఆనునది నేల, ఆ నేల ఎవరి పేరిట ఉన్నదను కాగితము, అంతే. ప్రజాప్రయోజనమని నోటీసు ఇచ్చి, విలువ కట్టి, ఇష్టములేనివాని వద్ద తీసికొన్నందుకు నూటికి పదునైదు వంతులు చేర్చి (1984 తరువాత దీనిని ముప్పదికి పెంచిరి) చేతిలో పెట్టినచో దాని ధర్మము తీరిపోయెను.

కాని ఊరిలో నేల ఉన్నవారు కొందరే. కుమ్మరికి పట్టా ఉండదు. చెరువుమట్టి ఉండును, ఆ మట్టి ఏ వైపున జిగటయో ఏ వైపున ఇసుకపాలు ఎక్కువయో తండ్రివలన నేర్చిన ఎరుక ఉండును. చాకలికి రేవు, బెస్తకు మడుగు, గొల్లకు బీడు, ఏరు దిగిన తరువాత లంకలో దోసపాదులు పెట్టుకొను బీదరాలికి ఆ నాలుగు నెలల ఒండ్రుమేట, ఇవియే ఆస్తులు. కళ్లముకాడ చేటలతో కొలిచి ఇచ్చు మేరలు వడ్లవానికి, కమ్మరికి, మంగలికి సంవత్సరపు గ్రాసము. కాగితము లేకుండ షావుకారిచ్చు అప్పు, కానుపు వేళ పిలిచిన పలుకు మంత్రసాని, బిడ్డలు దూరమైన ముసలిదానికి పొరుగింటినుండి వచ్చు గిన్నెడు మజ్జిగ, వీనిలో ఏది పోయినను ఒక బ్రతుకు కుంటుపడును. అన్నియు ఒక్కసారిగా పోయినవి. ఆ పోయినదానికి ఏ తహశీల్దారు వద్దను పట్టిక లేదు, ఏ అవార్డులోను పద్దు లేదు. కనుక చట్టము దృష్టిలో అది పోవనేలేదు.

నేల ఉన్నవాని గతియైనను మేలుగా లేదు. నేలకు నేల ఇచ్చియుండిన ఏదో నిలిచెడిది; రొక్కమిచ్చిరి. జన్మలో అంత రొక్కము ఒక్కసారి చూడనివాని యింటికి పాత అప్పులవారు ముందు వచ్చిరి, ఎదిగిన ఆడపిల్ల పెండ్లి తరువాత వచ్చినది. మిగిలినదానితో ఎకరమో రెండో కొందమని పొరుగూళ్లకు పోగా, అదే పనిమీద వేలమంది ఒకేసారి తిరుగుచుండుటచే అచ్చటి నేలధర పరిహారపు ధరను ఎన్నడో దాటిపోయి ఉండెను. ఆ ధర చాలదని న్యాయస్థానమునకు పోయి పెంచుకొన్నవారు లేకపోలేదు. అయితే ప్లీడరుకు ఫీజు ఇచ్చి ఏండ్లతరబడి వాయిదాలకు తిరుగగలవాడు పెద్దరైతే గాని చిన్నరైతు కాడు. కరణీకపు లెక్కలలో అయిదెకరముల ఆసామి, పదేండ్లు తిరుగకుండ, మరియొకరి పొలములో కలుపు తీయుచు కనబడెను. ఆయనను ఆ ఊరివారు ఆసామి అని పిలువలేదు. ముంపువాడు అనిరి.

ఆ కాలమునకు ఇంతకన్న మేలైన దారి తెలియదనుకొందమా? తెలియును. మహారాష్ట్రములో 1976లోనే ప్రాజెక్టు నిర్వాసితులకొరకు ప్రత్యేక శాసనము చేసి, కాలువనీటి లాభము పొందు పెద్దరైతుల నేలలో కొంతభాగము తీసికొని ఊళ్లు పోగొట్టుకొన్నవారికి ఆయకట్టులోనే ఇచ్చు పద్ధతి ఏర్పరచిరి. నర్మదా జలవివాద న్యాయమండలి 1979 డిసెంబరులో ఇచ్చిన తీర్పునందు, నేల పోయిన కుటుంబమునకు కనీసము 2 హెక్టార్ల సాగునేల ఇవ్వవలెనని, ముంపునకు ఏడాది ముందే నేలయు ఇంటిస్థలమును సిద్ధముచేసి చూపవలెనని స్పష్టముగా వ్రాసిరి. ఆ మాటలు ఆచరణలో ఎంత నలిగినవో దేశమెరుగును. అయినను ధర్మమేదియో కాగితముమీద తేలినది. అది తేలిన ఏడాదిన్నరకే మన శ్రీశైలపు లోయలో ఇండ్లు కూల్చిరి. దీనిని అజ్ఞానమనుటకు నాకు మనసొప్పదు. అడుగువాడు లేడను ధీమా ఇది.

అడుగువారు మెల్లగా పుట్టిరి. నిర్వాసితుల ఆందోళన ఫలితముగా 1986లో ప్రభుత్వము 98వ సంఖ్యగల ఉత్తర్వు వెలువరించి, ప్రాజెక్టువలన ఇల్లు, నేల కోల్పోయిన కుటుంబములవారికి నీటిపారుదలశాఖలో ఉద్యోగములిత్తుమని మాట ఇచ్చెను. ఆ జీవో సంఖ్య ఆ ప్రాంతములో పసిపిల్లలకును కంఠస్థము. దరఖాస్తు పెట్టినవారిలో కొందరికి ఉద్యోగములు వచ్చినవి. రానివారు లష్కరు పని ఇచ్చినను చాలునని, కాలువగట్టుమీద తూము కాచుకొని బ్రతుకుదుమని, జాబితాలు చేతబట్టి కార్యాలయముల చుట్టును, నిరాహారదీక్షా శిబిరముల చుట్టును తిరిగి తిరిగి, ఉద్యోగ విరమణ వయస్సు దాటిపోయిరి. ఇచ్చిన మాటను నలువదేండ్లు సాగదీయుట మాట తప్పుటకన్న క్రూరమని నా అభిప్రాయము. లేదని చెప్పినచో మనుష్యుడు వేరొక దారి వెదకుకొనును. వచ్చునని చెప్పినచో ద్వారమువద్దనే ముసలివాడగును.

ఇది గడిచిన కథ అనుకొనుటకు వీలులేదు. గోదావరిమీద పోలవరము ఉన్నది. 1980వ దశకపు ఆరంభమున పునాదిరాయి పడి, 2004 తరువాత పనులు మొదలై, నేటికిని సాగుచున్న ఆ ప్రాజెక్టు క్రింద లక్షకు పైగా కుటుంబములు కదలవలసి ఉన్నవి. వారిలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. దేవీపట్నము, కూనవరము, వి.ఆర్.పురము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలములలోని పల్లెలకు నీరు రాకమునుపే వచ్చిన ముంపు ఒకటి కలదు. ఎట్లును మునుగు ఊరే గదా యని రోడ్డు వేయరు, బడికి గదులు కట్టరు, కొత్త ఇల్లు మంజూరు కాదు. ముంపు ఊరికి పిల్లనెవరిత్తురని సంబంధములు తప్పిపోవును. ఈ విధముగా ఒక తరమంతయు పెట్టె సర్దుకొని గడపలో కూర్చున్నట్లు బ్రతికినది. ప్యాకేజీకి కటాఫ్ తేదీ అని ఒకటి పెట్టుదురు. ఆ నాటికి పదునెనిమిది నిండినవాడు వేరు కుటుంబము క్రింద లెక్క, నిండనివాడు తండ్రిలో లెక్క. ఆ తేదీ గడిచి ఏండ్లు పూండ్లు దొర్లినవి. అప్పటి పదేండ్ల పిల్లవానికి ఇప్పుడు పెండ్లియై బిడ్డలున్నారు. వాడు ఏ కుటుంబమో ప్రభుత్వపు పట్టికకు తెలియదు. 2022 జులైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఇంకను కదలని ఆ ఊళ్లవారు గుట్టలెక్కి టార్పాలిన్ల క్రింద వానలో తలదాచుకొనిరి.

కొండరెడ్డి కుటుంబమునకు మైదానములో ఇచ్చిన ఇల్లు సిమెంటుది, గట్టిది. దానిని నేను చిన్నచూపు చూడను. అయితే వరుసకొక సంఖ్యతో నిలిచిన ఆ ఇండ్ల నడుమ మేక కట్టివేయుటకు చోటుండదు. పోడు లేదు, వెదురు లేదు. చింతపండు, అడ్డాకు, ఇప్పపువ్వు ఏరి సంతకు తెచ్చు అడవి ముప్పది క్రోసుల దూరమునకు పోయినది. జీలుగుచెట్టు ఒక కుటుంబమునకు వేసవి మూడునెలల ఆహారము, ఆదాయము, బంధువులకు మర్యాద; దానికి కట్టిన వెల ఒక చెట్టు వెలయే. అడవిలో పుట్టుకనుండి సాగుచేసికొనిన నేలకు హక్కు కాగితము 2006 నాటి చట్టముతో గాని రాలేదు. ఆ కాగితము వచ్చినవారికంటె రానివారు మరింత చులకనైరి. పని కొరకు పోయినచోట భాష మనదే అయినను మాటతీరు వేరగుటచే నవ్వువారుందురు. తన కొండమీద ఎవరికిని తలవంచని మనుష్యుడు కాలనీలో దినకూలియై తల వంచుట, ఏ జమాఖర్చులోను రాని నష్టము.

ఈ పోలవరమే మనకు ఒక గొప్ప సత్యమును బయటపెట్టినది. అది అంకెలలో ఉన్నది గావున ఎవరును త్రోసిపుచ్చలేరు. 2017-18 ధరలతో సవరించిన అంచనా 55,548 కోట్ల రూపాయలు. అందులో భూసేకరణకును, పునరావాసమునకును కావలసినదే సగమునకు మించినది. సిమెంటు, ఉక్కు, గేట్లు, కాలువలు, విద్యుత్కేంద్రము అన్నియు కలిపినను మనుష్యులను న్యాయముగా కదలించు ఖర్చుకన్న తక్కువ! ఈ లెక్క చూచి ప్రాజెక్టు వ్యయము పెరిగిపోయినదని అందరును గుండెలు బాదుకొనిరి. ఆ సొమ్ము కేంద్రము ఇవ్వవలెనా రాష్ట్రము ఇవ్వవలెనా అన్న తగవు ఏండ్లు నడిచినది. నిజమునకు వ్యయము పెరుగలేదు. ఎప్పుడును ఉన్న వ్యయము మొదటిసారి కాగితముమీదికి ఎక్కినది. సాగరును, శ్రీశైలమును మనము చౌకగా కట్టితిమనుకొనుట పొరపాటు. వాని వెలలో సగమును మరియొకరు చెల్లించిరి. ఖజానానుండి పోని ఆ భాగము కుమ్మరి చక్రమునుండి, బెస్త వలనుండి, అయిదెకరముల ఆసామి పరువునుండి పోయినది. మన బియ్యము, మన దీపము, మన త్రాగునీరు ఇంత సులభముగా దొరకుటకు కారణము వారు అడుగని బాకీ. వారు అడుగలేదని ఆ బాకీ కొట్టివేయవచ్చునా?

దాతృత్వమను మాట ఇచ్చట పనికిరాదు. వేదికమీద చెక్కులు పంచు మంత్రికి నిర్వాసితుడు చేతులు జోడించు ఫొటో చూచినప్పుడు నాకు సిగ్గు కలుగును. నమస్కారము చేయవలసిన చేతులు ఎవరివో తారుమారైనవి. ఋణము తీర్చువాడు ఇచ్చు పద్ధతి వేరు. వాడు ఇంటికి పోయి ఇచ్చును, గడువులోపల ఇచ్చును, వడ్డీతో ఇచ్చును.

2013 నాటి కొత్త భూసేకరణ చట్టము ఈ దిక్కుగా వేసిన అడుగు పెద్దది. నేల లేని కూలిని, చేతివృత్తివానిని అది కుటుంబముగా గుర్తించినది. జలప్రాజెక్టులలో ముంపునకు ఆరునెలల ముందే పునరావాసము పూర్తికావలెనని శాసించినది. ప్రాజెక్టు సమాజముమీద చూపు ప్రభావమును ముందుగా తూచి, ఆ ప్రజల యెదుట చదివి వినిపింపవలెనన్నది. కాని అయిదేండ్లు తిరుగకమునుపే, పనులు ఆలస్యమగునని, అనేక రకముల నిర్మాణములకు ఆ తూచు పని అక్కరలేకుండ రెండు తెలుగు రాష్ట్రములును సవరణలు చేసికొన్నవి. తూకము వేసిన ఆలస్యమగునని తక్కెడనే తీసివేయుట ఇది. మొదట మనము చేయవలసినది ఆ సవరణలను వెనుకకు తీసికొనుట. ముంపు ఊరిలో కడపటి ఇల్లు కొత్తచోట కప్పు వేసికొని, ఆ ఇంటివారు ఒక పంట అచ్చట కోసికొన్న తరువాతనే గేటు దిగవలెను; దానివలన ఆనకట్ట రెండేండ్లు ఆలస్యమైనను కావచ్చును. ముప్పది, నలువది ఏండ్లు నిధులు లేక ఆగిన ప్రాజెక్టులను ఓపికతో చూచినవారము, రెండేండ్లు మనుష్యులకొరకు ఆగలేమా?

రెండవది, లాభములో నిలిచియుండు భాగము. జలాశయము ఉన్నంతకాలము కాలువ క్రింద పంట పండును, విద్యుత్తు అమ్ముడగును. మరి నష్టపోయినవానికి మాత్రము ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకొనుట ఏ న్యాయము? 2008 నాటి జలవిద్యుత్ విధానములో ప్రతి నిర్వాసిత కుటుంబమునకు పదేండ్లపాటు నెలకు 100 యూనిట్ల విద్యుత్తు ఇవ్వవలెనన్నారు. అంకురము మంచిది, దానిని పాత ప్రాజెక్టులకును చాచి, శ్రీశైలము, సాగరు విద్యుత్తు అమ్మకమునుండియు, పట్టణపు నీటి బిల్లునుండియు, ఆయకట్టు నీటితీరువానుండియు స్వల్పభాగము తీసి ఆ కుటుంబముల బిడ్డల చదువునకు, భూమి కొనుగోలునకు శాశ్వతనిధిగా ఉంచవచ్చును. మా నాలుగెకరములకు ఆ భారము పడినచో నేను సంతోషముగా చెల్లింతును. నావంటివారు కాలువల వెంట వేలమంది ఉందురని నా నమ్మకము. అడిగినవారు లేకపోవుటచే మేమును ఊరకున్నాము.

మరియొక చిన్నపని ఉన్నది; దానికి ధనము కూడ అక్కరలేదు. గోదావరి మండలములో కాటన్‌దొర పేరు చెప్పి నదిలో తర్పణము విడుచు బ్రాహ్మణులు ఉండిరి. 1852లో పూర్తియైన ఆ ఆనకట్ట వలన అన్నము తిన్న జనము, అన్యదేశీయుడన్న తలంపు లేక, అతనిని పితరుల సరసన నిలుపుకొనిరి. ఇది మన సంస్కారములోని ఔన్నత్యము. అట్టి జనమునకు ఊళ్లు విడిచినవారిని తలచుకొనుట కష్టమా? ప్రతి జలాశయపు గట్టుమీద ప్రారంభోత్సవపు శిలాఫలకమున్నది. మునిగిన ఊళ్ల పేళ్లు వరుసగా చెక్కిన రాయి ఎక్కడను నేను చూడలేదు. సాగరునకు విహారయాత్రకు పోవు బడిపిల్లలు గేట్ల సంఖ్యను, గోడ ఎత్తును పుస్తకములో వ్రాసికొందురు. వారి ఉపాధ్యాయుడు వెనుకకు తిరిగి నీటివైపు చూపి, అచ్చట ఊళ్లుండెనని, వారు లేచిపోయిరి గనుక మనము అన్నము తినుచున్నామని చెప్పినచో, వారిలో రేపు ఇంజనీరు కాబోవు ఒకడు తన అంచనాపత్రములో ఆ పద్దును తానే మొదట వ్రాయును.

గడచిన వేసవిలో నేను సంగమేశ్వరమునకు పోయి, దర్శనమైన తరువాత ఆ ఎండిన ఒండ్రుమీద కొంతదూరము నడిచితిని. నీరు తగ్గినచోట కొందరు విత్తులు చల్లుకొనుచుండిరి. దూరమున పరప్రాంతపు జాలరుల గుడారములు కనబడెను. ఒక వృద్ధుడు మనుమని మోటారుసైకిలుమీద వచ్చి, బావి ఒరనుండి అడుగులు లెక్కపెట్టుచు, రెండుసార్లు తప్పి, మూడవసారి ఒకచోట నిలిచెను. కాలితో మట్టి తొలగింపగా రోలు కనబడినది. "ఈడ మా యమ్మ దంచేది సార్," అనినాడు నన్ను చూచి. "ఆ పొద్దు అన్నీ బండికెక్కినాయి. ఇదొక్కటే ఎక్కలే, బరువు." మనుమడు వంగి దాని అంచు పట్టి కదలించి చూచి, "తాతా, ఆటో మాట్లాడి తీసుకుపోదామా?" అని అడిగెను. "కాలనీలో యాడ పెడ్తావురా దీన్ని?" అని ఆయన అక్కడనే కూర్చుండి, రోటి గుంటలో పేరుకొన్న ఒండ్రునంతటిని చేతితో తీసి, త్రాగుటకు తెచ్చుకొన్న సీసాలోని నీరు పోసి కడిగి, భుజముమీది తువాలుతో తడిలేకుండ తుడిచెను.